ముప్పై ఒక్క మీటర్ల కేబుల్

స్వర్ణలత దగ్గర పనిచేసిన వాళ్లందరికీ ఒక సంగతి తెలుసు. "అయిపోయింది మేడం" అంటే ఆమెకు చాలదు. తీసుకెళ్లి చూపించాలి.

ఆమెది జనగామ పక్కన ఒక పల్లె. తండ్రికి నాచారంలో నూలు మిల్లులో పని దొరికినప్పుడు ఆమెకు నాలుగేళ్లు. అక్కడే పెరిగి, ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి, ఉప్పల్‌లో ఒక చిన్న కంపెనీలో చేరింది. ఆఫీసులకూ ఫ్యాక్టరీలకూ కంప్యూటర్ కేబుళ్లు లాగించి, సర్వర్ గది సిద్ధం చేసి, అన్నీ నడుస్తున్నాయని చూపించి అప్పగించడం ఆ కంపెనీ పని. మొదట్లో తనే నిచ్చెనలెక్కి తీగలు బిగించింది. ఇరవై రెండేళ్లు గడిచేసరికి ప్రాజెక్ట్ మేనేజర్ అయింది.

అనుమానం ఆమెకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు. తొమ్మిదేళ్ల కిందట సైనిక్‌పురి వైపు ఒక బడిలో పని చేయించింది. గోడకు కంప్యూటర్లు తగిలించే నలభై పాయింట్లూ బాగున్నాయని కాంట్రాక్టర్ కాగితమిస్తే నమ్మి సంతకం పెట్టింది. ఆన్‌లైన్ పరీక్ష రోజున పదకొండు కంప్యూటర్లు పలకలేదు. గోడమీది ప్లేట్లు విప్పి చూస్తే కొన్నిటి వెనక తీగే లేదు. పరీక్ష ఆగిపోయిన పిల్లలు చేతులు కట్టుకుని ఆమెనే చూస్తూ కూర్చున్నారు. ఆ తర్వాత ఆమె ఎవరి కాగితాన్నీ మొదటిసారికే నమ్మలేదు.

కిందటేడు వేసవిలో నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక మందుల ప్యాకింగ్ కంపెనీ పాత షెడ్డు వదిలి, వెనకే కట్టుకున్న మూడంతస్తుల భవనంలోకి మారబోతోంది. రెండు వందల పద్నాలుగు పాయింట్లు, పద్దెనిమిది కెమెరాలు, ఒక సర్వర్ గది. పది వారాల గడువు. స్వర్ణలత పెద్ద కాగితం మీద ప్రణాళిక గీసి సైట్ ఆఫీసు గోడకు అంటించింది. కరెంటు వాళ్లు ఏ రోజుకు పని ముగించాలి, పైకప్పు పలకలు మూసేలోపు కేబుళ్లు ఎక్కడిదాకా రావాలి, పరీక్షలు ఎప్పుడు, చివరి ఆదివారం పాత షెడ్డు నుంచి కొత్త భవనానికి మార్పిడి ఎన్నింటికి, అన్నీ అందులో ఉన్నాయి. ఏదైనా బెడిసికొడితే వెనక్కి వెళ్లడానికి వీలుగా సోమవారం మధ్యాహ్నం దాకా పాత షెడ్డు లైన్లు తియ్యొద్దని ఎర్ర సిరాతో రాసింది.

కేబుల్ పని కొమురెల్లిది. ఆరేళ్లుగా ఆమె సైట్లలో అతనే చేస్తున్నాడు. తక్కువ మాట్లాడతాడు. ఇన్నేళ్లలో అతని పనిలో ఆమెకు ఒక్క తప్పూ దొరకలేదు. నిజం చెప్పాలంటే ఆ దొరక్కపోవడమే ఆమెను అప్పుడప్పుడు గుచ్చేది.

మార్పిడి నాలుగు రోజుల్లో ఉందనగా బుధవారం మూడో అంతస్తు టెస్ట్ రిపోర్టులు చేతికొచ్చాయి. పరీక్షించే మిషను కేబుల్ బాగుందో లేదో చెప్పడంతో ఆగదు, పొడవు కూడా చూపిస్తుంది. స్టోర్ గదిలోని ఇరవై రెండు పాయింట్ల కేబుళ్లూ ఇంచుమించు ముప్పై ఒక్క మీటర్లని రిపోర్టులో ఉంది. డ్రాయింగ్ ప్రకారం అవి సర్వర్ గది నుంచి కారిడార్ చుట్టూ తిరిగి రావాలి. ఎట్లా కొలిచినా యాభై ఎనిమిది మీటర్లకు తగ్గవు.

తీగ దానంతటది కురచవదు. దగ్గర్లో ఉన్న ఒకే కేబుల్‌ను ఇరవై రెండు సార్లు పరీక్షించి, ఇరవై రెండు పేర్లు పెట్టారా? ఆ మోసం ఆమె ఎరగనిది కాదు.

ఇంటికి వెళ్లి భర్త నరేందర్‌తో చెప్పింది. ఆయన మౌలాలి రైల్వేలో సిగ్నల్ మనిషి. మొత్తం విని, కొమురెల్లినే ఒక్క మాట అడిగితే పోతుంది కదా అన్నాడు. అడిగితే జాగ్రత్తపడతాడని ఆమె ఒప్పుకోలేదు.

గురువారం ఏమీ ఎరగనట్టు సైట్‌కు వెళ్లి, పెరట్లో పడేసిన ఖాళీ కేబుల్ డబ్బాలు లెక్కపెట్టింది. మూడో అంతస్తుకు అయిపోవాల్సిన వాటిలో రెండు తక్కువ వచ్చాయి. అంటే వాడని కేబుల్ ఎక్కడో ఉంది. శుక్రవారం పొద్దున ఆమె కిటికీలోంచి చూస్తుండగానే కొమురెల్లి రెండు నిండు డబ్బాలను ట్రాలీ ఆటోలో పెట్టించి గేటు వైపు తీసుకెళ్లాడు. తన ఊహ తప్పు కాలేదని ఆమెకు ఒక పాడు తృప్తి కలిగింది.

కంపెనీ తరఫున ఈ పని చూసే ఐటీ మేనేజర్ ఫణీంద్ర. కాకినాడ మనిషి, మర్యాదస్థుడు. ఆయనకూ తన బాసుకూ ఆమె మెయిల్ పెట్టింది. రిపోర్టుల మీద అనుమానం ఉందని, తేలేదాకా కొమురెల్లి పని ఆపిస్తున్నానని రాసింది. బాసు వెంటనే సరేనన్నాడు. కారణం చెప్పకుండానే, పని ఆపమని కొమురెల్లికి కబురు పంపింది. ఫణీంద్ర నుంచి సాయంత్రం దాకా ఉలుకూ పలుకూ లేదు. ఎదురుపడితే ఫోన్ చూసుకుంటూ తప్పుకున్నాడు. ఇతనికీ ఇందులో చెయ్యుందా అన్న పురుగు ఆమె బుర్రలో దూరింది.

శనివారం ఉదయం ఆమె మూడో అంతస్తులో నిచ్చెన వేయించి కొమురెల్లిని పిలిపించింది. అతని పనివాళ్లు ఆరుగురు, కంపెనీ స్టోర్ వాళ్లు నలుగురు చుట్టూ చేరారు. పైకప్పు పలకలు విప్పమంది. ఎందుకని అతను అడగలేదు. కారిడార్‌లో మొదటి పలక తియ్యగానే లావాటి ఎర్ర పైపులు కనిపించాయి. మంటలార్పే నీళ్ల పైపులవి. కేబుల్ అన్నది లేదు.

"ఇరవై రెండు కేబుళ్లు ఏవి?" అంది ఆమె, అందరికీ వినబడేలా.

కొమురెల్లి నిచ్చెన దిగి, దాన్ని స్టోర్ గదిలోకి మోసుకెళ్లి, మూలన పలక తీశాడు. గోడకు కొట్టిన రంధ్రంలోంచి నీలం కేబుళ్లు ఒక కట్టగా లిఫ్టు పక్కనున్న నిలువు గూటిలోకి దిగుతున్నాయి. ఒక్కోదానికీ నంబరు చీటీ ఉంది. ఆమె నిచ్చెనెక్కి లెక్కపెట్టింది. ఇరవై రెండు. ఆ దారిన సర్వర్ గదికి ముప్పై ఒక్క మీటర్లే.

"కారిడార్ల పైపులోల్లు జాగ ఉంచలే," అన్నాడు కింద నుంచి కొమురెల్లి. "ఫణీంద్ర సారే గిటుకెల్లి గుంజుమన్నడు. మేడంకు రాసి పంపిస్త అన్నడు."

"మరి నిన్నటి రెండు డబ్బాలు?"

"గేటు కాడి కెమెరాలకు. మీ లిస్టుల ఉన్నయే గద." గొంతు పెంచకుండానే అన్నాడు: "ఆరేండ్ల సంది మీ పని చేస్తున్న మేడం. ఒక్క ఫోన్ కొట్టి అడిగితే చెప్పకపోదునా?"

లిస్టులో గేటు కెమెరాల వరుస ఆమె తన చేత్తో రాసిందే. రెండు రోజులుగా డబ్బాలు లెక్కపెట్టింది గానీ ఆ కాగితం తిరగెయ్యలేదు.

నిచ్చెన దిగి, అదే పదిమంది ముందు తప్పు తనదేనని చెప్పింది. అడక్కుండా పని ఆపించానని, అట్లా చెయ్యకుండా ఉండాల్సిందని అంది. కొమురెల్లి "సరే మేడం" అన్నాడు. అంతే. తన మనుషుల్ని తీసుకుని గేటు వైపు వెళ్లిపోయాడు.

ఫణీంద్రను ఆమె ఆయన గదిలోనే పట్టుకుంది.

"చెప్దామనే అనుకున్నానండీ," అన్నాడాయన తలెత్తకుండా. "రాసి పెడితే, పైపుల డ్రాయింగూ కేబుళ్ల డ్రాయింగూ ముందే ఎందుకు కలిపి చూడలేదని మావాళ్లు నన్నడుగుతారు. పని బాగానే అయింది కదా అని ఊరుకున్నా."

దాచిన మనిషి ఉన్నాడన్న ఆమె అనుమానం తప్పు కాలేదు. కానీ అవమానం ఇంకొకరికి జరిగింది. నిన్న మెయిల్ పెట్టిన ఇద్దరికీ, కొమురెల్లి తప్పేమీ లేదని, విచారించకుండా పని ఆపింది తనేనని ఆయన ముందే రాసి పంపింది. దారి మార్పును డ్రాయింగులో దిద్ది ఫణీంద్ర చేత సంతకం పెట్టించింది.

ఆదివారం మార్పిడి అనుకున్నట్టే సాగింది. పొద్దున ఎనిమిదింటికి సర్వర్లు కొత్త గదికి చేరాయి. ఒక్కో అంతస్తూ వెలిగించుకుంటూ సాయంత్రం నాలుగింటికి రెండు వందల పద్నాలుగో పాయింటు దాకా వచ్చారు. కొమురెల్లి పొద్దస్తమానం ఆమె పక్కనే ఉన్నాడు. అడిగినదానికి జవాబు చెప్పాడు, అడగనిది ఒక్క మాటా అనలేదు. సోమవారం మందుల లారీలు కొత్త భవనం నుంచే బయల్దేరాయి.

తర్వాత అన్నోజిగూడలో ఒక గోడౌన్ పని వచ్చింది. కొమురెల్లికి ఫోన్ చేస్తే, చేతిలో వేరే పనులున్నాయన్నాడు. ఆమె బలవంతపెట్టలేదు. కొత్త కాంట్రాక్టర్‌ను పెట్టుకుంది. రెండు నెలలకు అతని రిపోర్టులు వచ్చాయి. అన్నీ బాగున్నాయి, కొలతలూ సరిపోయాయి. అయినా ఆమెకు మనసు నిలవలేదు. ఆ కాంట్రాక్టర్‌ను కూర్చోబెట్టుకుని ప్రతి కేబుల్ దారీ అడిగింది, అతను ఓపిగ్గా చెప్పాడు. సాయంత్రం ఇంకొకసారి కొమురెల్లికి ఫోన్ చేసి, ఆ మనిషి ఎట్లాంటివాడని అడిగింది.

"ఆయన పని నేను చూడలే మేడం. చూడని పనికి మంచోడని చెప్ప, చెడ్డోడని చెప్ప," అన్నాడు కొమురెల్లి. తర్వాత, "గురువారం ఖాళీగున్న. పదింటికి వచ్చి చూసి చెప్త. పని మాత్రం పట్ట."

గురువారం పదింటికి ఆమె గోడౌన్ గేటు దగ్గర నిలబడింది. అతను చెప్పిన వేళకే వచ్చాడు.