మేమిద్దరం కట్టుకున్న ఊరు

ఏడో తరగతిలో ఉండగా నేనూ, మా వెనక వీధిలో ఉండే నా స్నేహితురాలూ కలిసి ఒక ఊరు కట్టాం. శంషాబాద్‌లో కాదు, ఫోన్‌లో. చిన్న చిన్న దిమ్మలు పేర్చి ఇళ్ళు కట్టుకునే ఆన్‌లైన్ ఆట అది. వాళ్ళ అబ్బా ఫోన్‌లో తను, మా బాపు ఫోన్‌లో నేను. నెట్ అయిపోయిన రోజు రెండిళ్ళలోనూ తిట్లే.

ఇప్పుడు నేను ఎయిర్‌పోర్టులో సామాన్లు తూచి బోర్డింగ్ పాసులిచ్చే కౌంటర్లో పనిచేస్తున్నాను. తను పెళ్ళయి మైలార్‌దేవ్‌పల్లి వెళ్ళింది. కాటేదాన్‌లో బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చూసుకుంటుంది. బస్సెక్కితే ఎంతో దూరం లేదు. కానీ నా షిఫ్టు తనకు కుదరదు, తన సెలవు నాకు కుదరదు. ఫోన్‌లోని ఆ ఊళ్ళో మాత్రం రోజూ కలిసేవాళ్ళం. పొద్దున తను వచ్చి నా గుమ్మం ముందు ఒక పువ్వు నాటి పోయేది. సాయంత్రం నేను వెళ్ళి తన మేకలకు గడ్డి వేసేదాన్ని.

ఒకరోజు స్టాఫ్ బస్సులో, కొత్తగా చేరిన విజయవాడ అమ్మాయి నా ఫోన్‌లోకి తొంగి చూసింది.

"మీరింకా ఇది ఆడుతున్నారా? మా అక్కకూతురు కూడా ఆడుతుందండీ. రెండో తరగతి."

వెటకారమేమీ లేదు, నిజంగానే ఆశ్చర్యపోయింది. అందుకే ఇంకా ఎక్కువ గుచ్చుకుంది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, నాకింకా మేకలూ గడ్డీ ఏమిటి అనుకుని, బస్సు దిగేలోపు నా ఖాతానే తీసేశాను. దాంతోపాటు నా ఇల్లూ పోయింది. పెద్దదాన్నయిపోయానని కాసేపు గొప్పగానే అనిపించింది.

మర్నాడు పొద్దున్నే తన ఫోన్.

"ఏందే, ఏమైంది నీకు? నీ ఇల్లే లేదు! ఉత్త జాగ ఉన్నది. ఎంత పరేషాన్ అయిన ఎరికేనా? దవాఖానల గిట్ల పడ్డవేమో అనుకున్న."

"ఏం కాలే. ఆట బంద్ చేసిన. పెద్దోళ్ళమైనం గద."

అవతల గిన్నె ఠక్కున కింద పెట్టిన చప్పుడైంది.

"పొద్దుగాల లేచి ఇంటిల్లిపాదికి వండుత. ఆడికెళ్ళి ఫ్యాక్టరీకి పోత. ఇంకెంత పెద్దగ కావాల్నే? జర సేపు నీ ఇంటి ముంగట కూసుంటుంటి. గంతే."

నేనూ అందుకే వెళ్ళేదాన్ని కదా. రోజంతా ప్రయాణికుల విసుగుకు నవ్వుతూ బదులిచ్చాక, ఎవరికీ ఏ సంజాయిషీ ఇవ్వనక్కర్లేని చోటు అదొక్కటే. అక్కడ నన్ను చిన్నప్పటి నుంచీ ఎరిగిన మనిషి ఉంటుంది.

"మల్ల కడదామా?" అన్నాను.

"నువ్వు సెలవు వెట్టు. నేనే వస్త."

ఆదివారం తను వచ్చింది. బస్టాండు దగ్గర ఇరానీ హోటల్లో చాయ్ చెప్పి, నేను కొత్త ఖాతా తెరిచాను. పునాది దగ్గరే గొడవ మొదలైంది. నేను గుమ్మం తూర్పుకంటాను, తను తన కిటికీ వైపే అంటుంది. పక్క టేబుల్ పెద్దాయన మేం నిజంగా జాగ కొన్నామనుకున్నట్టున్నాడు, మునిసిపాలిటీ పర్మిషన్ తీసుకున్నారా అని అడిగాడు.

ఇంతలో తన ఫోన్ మోగింది. మాట్లాడి పెట్టేసి పకపకా నవ్వింది.

"మా అత్తమ్మ. నేను ఆడుతుంటె రోజూ పక్కన కూసొని చూస్తది. ఆమెకు సుత ఒక ఇల్లు కావాల్నంట. బాల్కనీ ఉండాల్నంట."

ఇగ ఆ బాల్కనీ ఎటువైపు పెట్టాలన్నదాని మీద, మేం ఇంకో రెండు చాయ్‌లు చెప్పాం.