స్టీరింగ్ మీద ఒక వేలు

మా ఆవిడకు మోంటానాలో ఒక చిన్న క్లినిక్‌లో డాక్టరు ఉద్యోగం రావడంతో అరిజోనాలోని చాండ్లర్ నుంచి మకాం మార్చాం. చుట్టూ గోధుమ చేలు. పక్కింటికి వెళ్లాలంటే కారులో పావుగంట. ఆవిడకు మాట్లాడ్డానికి పేషెంట్లయినా ఉన్నారు. ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ పని చేసుకునే నాకు కిటికీ అవతల ఆవులు తప్ప దిక్కు లేదు. నాలాంటి వాగుడుకాయను అలాంటి చోట పడేయడం ఘోరం.

"నెలలోపు ఇక్కడ నాకో ఫ్రెండ్ దొరక్కపోతే చాండ్లర్ వెళ్లిపోతా. వీకెండ్స్‌కి నువ్వే రా," అని తేల్చి చెప్పాను.

"ముందు ట్రై చెయ్యి బాబూ," అంది.

రోజూ పోస్టాఫీసుకు వెళ్లేవాణ్ణి. దారిలో ఎప్పుడో ఒక పికప్ ట్రక్కు ఎదురొచ్చేది. అందులో ఎవరున్నా సరే, నన్ను చూసి స్టీరింగ్ మీంచి చూపుడువేలు ఎత్తేవారు. టైరులో గాలి పోయిందని చెబుతున్నారనుకుని, కారాపి, దిగి, నాలుగు టైర్లనూ తన్ని చూసేవాణ్ణి. అన్నీ భేషుగ్గా ఉండేవి. మర్నాడు మళ్లీ వేలు, మళ్లీ తన్నులు. చివరికి గాలి కొట్టే మిషన్ కూడా కొన్నాను.

మూడో వారంలో ఒక ముసలి రైతు నా పక్కన ట్రక్కు ఆపాడు.

"నీ కారు రోజూ చెడిపోతుందేమిటి?"

"మీరంతా వేలు చూపిస్తున్నారు కదండీ!"

ఆయన కళ్లు తుడుచుకుంటూ మరీ నవ్వాడు. "అది హలో అయ్యా! ఎవరు ఎదురొచ్చినా ఇక్కడ అలాగే చెప్తాం."

ఊరంతా పలకరిస్తుంటే నేను టైర్లు తన్నానా! సిగ్గుతో చచ్చిపోయాను. పోనీ, నేనూ వేలెత్తుదామంటే, అంత పెద్దాయనకు ఒక్క వేలితో సరిపెట్టడానికి మనసొప్పలేదు. మర్నాడు ఆయన ఎదురు రాగానే రెండు చేతులూ జోడించి నిండుగా నమస్కారం పెట్టాను. కారు తిన్నగా వెళ్లి ఆయన చేలోనే ఆగింది. మధ్యలో కంచె కూడా ఉండేది.

ట్రాక్టరుతో కారును బయటికి లాగి, "ఇప్పుడు నువ్వు చేసిందేమిటి?" అని అడిగాడు.

"మర్యాద," అన్నాను.

"శనివారం రా. కంచె నిలబెట్టడం నేర్పిస్తా," అని వెళ్లిపోయాడు.

ఇక ఇక్కడెవరూ నా మొహం చూడరని ఖాయం చేసుకుని, ఆ సాయంత్రమే చాండ్లర్‌లో అపార్ట్‌మెంట్లు వెతికాను. మర్నాడు దారిలో నేనెప్పుడూ చూడని ఒకావిడ ట్రక్కులో ఎదురొచ్చింది. బాగా స్లో చేసి, రెండు చేతులూ జోడించి, గబుక్కున స్టీరింగ్ పట్టుకుంది. ఆమె వెనకాల వచ్చిన ధాన్యం లారీ అతనూ అంతే. మనుషులే లేని చోట కబురు అంత తొందరగా ఎలా పాకిందో! ఏడుపొచ్చేంత సంతోషం వేసింది. నేను మాత్రం స్టీరింగ్ గట్టిగా పట్టుకుని ఒక్క వేలెత్తాను.

ఇంటికి రాగానే మా ఆవిడ అడిగింది. "అపార్ట్‌మెంట్ చూసుకోడానికి శనివారం ఫ్లైట్ బుక్ చేయనా?"

"శనివారం కుదరదు," అన్నాను. "ఫ్రెండ్ పొలంలో పనుంది."