కడ్డీ కెమెరా, మేడమ్ నడుము

నారాయణగూడలో బస్సు దిగి, సంచీని వీపుకెక్కించుకుని నాలుగడుగులు వేశానో లేదో, సరిగ్గా వెన్నుపూస మీద లోపలి కెమెరా కడ్డీ పొడుచుకుంది. అబ్బా అనుకుని ఫ్లైఓవర్ కింద నీడలో ఆగిపోయాను. పొద్దున హడావిడిలో కడ్డీకి పాత చీర చుట్టడం మరిచిపోయాను మరి. పైన బండ్ల మోత, కింద ఆటోవాళ్ల కేకలు, వీపులో సలుపు. ఇన్నిటి మధ్యా నిర్మల మేడమ్ గొంతు నా చెవి పక్కనే వినిపించినట్టయింది. "చీర చుట్టలే? ఇగ నీ వీపు విమానం మోతే!" ఆవిడ పోయి కొన్నేళ్లయింది. అయినా నా వీపు మీద ఆవిడ పెత్తనం ఇంకా పోలేదు.

మేడమ్‌ను ఎరగనివాళ్లకు ముందు ఆ కెమెరా సంగతి చెప్పాలి. నిజానికి అది స్టూడియోలో ఒక మూల కదలకుండా నిలబడాల్సిన వస్తువు. లావుపాటి కడ్డీ ఒకటి. దాని మీద ముందొక చట్రం, అందులో లెన్సు. వెనకొక చట్రం, అందులో గరుకు అద్దం. రెంటి మధ్య హార్మోనియం తిత్తిలా ముడుచుకునే నల్లటి తోలు గొట్టం. నెత్తిన నల్లగుడ్డ కప్పుకుని చూస్తే అద్దం మీద లోకం తలకిందులుగా కనిపిస్తుంది. ఒక్కో ఫోటోకు అరచేతంత ఫిల్ము. ఈ కెమెరాను విడగొట్టి, ప్రతి ముక్కకూ గుడ్డ చుట్టి, సంచీలో కుక్కి, సిటీ బస్సులో తిరిగిన మనిషి మా మేడమ్. కాలేజీలో ఫోటోగ్రఫీ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. చిక్కడపల్లిలో ఒక కిరాయి ఇంటి మొదటి అంతస్తులో ఒక్కరే ఉండేవారు. కాటన్ చీర, కాళ్లకు బట్ట బూట్లు, వీపు మీద కొండలెక్కే కుర్రాళ్లు వేసుకునే సంచీ. ఎదురుపడ్డవాళ్లు ఒకసారి వెనక్కి తిరిగి చూడకుండా పోయేవాళ్లు కాదు.

నేనప్పుడు అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కు చదువుతున్నాను. మాది జనగామ పక్క పల్లె. చదువుతున్నాను అనేకంటే, రాసి తప్పుతున్నాను అనడం నిజం. ఒకరోజు బస్సులో ఆ సంచీతో ఆవిడ ఊగిపోతుంటే చూడలేక లేచి, "కూసోన్రి మేడమ్" అన్నాను.

"నేను కూసుంట. ఇది కూసోదు. జర పట్టుకో బిడ్డా" అని సంచీ నా చేతుల్లో పెట్టారు. భుజం ఊడి కింద పడినంత పనైంది.

"ఏమున్నయి మేడమ్ ఇందుల? రాళ్లా?"

"కెమెరా. ఇంటి దాక మోసుకొస్తే చూపిస్త."

మోసుకెళ్లాను. ఆవిడ కిటికీ దగ్గర ఆ ముక్కలన్నీ ఒక్కొక్కటే కడ్డీకెక్కించి, నా నెత్తిన నల్లగుడ్డ కప్పారు. ఎదురింటి డాబా మీద బట్టలారేస్తున్న ఒకామె అద్దంలో తలకిందులుగా, రంగురంగులుగా కనిపించింది. ఆమె చేతి గాజులు కూడా తెలుస్తున్నాయి. ఎంతసేపు చూశానో! గుడ్డలోంచి బయటికొచ్చేసరికి మేడమ్ చాయ్ పెట్టేసి, నవ్వుతూ కూర్చున్నారు. ఆ రోజు ఇక పుస్తకం తెరవలేదు.

మేడమ్‌కు నడుములో డిస్కు జారింది. నీళ్ల బిందె కూడా ఎత్తొద్దని డాక్టరు ఖరాఖండీగా చెప్పాడట. అందుకని మోసే పని మెల్లగా నాకొచ్చింది, ఆ తర్వాత గుడ్డలో దూరి చూసే పని కూడా వచ్చింది. ఇంట్లో సంగతి తెలిసి నాన్న ఫోను చేశాడు. "నౌకరి కొడతనని పోయి సంచులు మోస్తున్నవా బిడ్డా?" అన్నాడు. తిట్టినా బాగుండేది. మెల్లగా అడిగాడు, అందుకే ఏడుపొచ్చింది. మేడమ్‌తో చెప్పుకుంటే ఆవిడ ఓదార్చలేదు. "మీ నాయన అడిగిన దాంట్ల తప్పేమున్నది? మోస్తున్నవు గదా" అని లెన్సు తుడుచుకుంటూ కూర్చున్నారు. కోపంతో మండిపోయాను. మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లాను, అది వేరే సంగతి.

ఒకసారి చిక్కడపల్లి గల్లీలో స్టాండు వేసి, కెమెరా ఎక్కించి, మేడమ్ నల్లగుడ్డలో దూరారు. గాజుల దుకాణం ఆయన మమ్మల్ని చూశాడు, స్టాండును చూశాడు, ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. పరుగున వచ్చి, "అమ్మా, మా మెట్లు మా జాగల్నే ఉన్నయి. కావాల్నంటే కొలుసుకోన్రి" అన్నాడు. రోడ్డు వెడల్పు చేయడానికి కొలతలు తీసుకునేవాళ్లం అనుకున్నాడు పాపం. నేను చెప్పేలోపే కబురు గల్లీ అంతా పాకింది. చెప్పుల ర్యాకులు లోపలికి పోయాయి, పూలబల్ల వెనక్కి జరిగింది, మిర్చిబండి మూల తిరిగి మాయమైంది. గుడ్డలోంచి తల బయటపెట్టిన మేడమ్ కళ్లు నులుముకుని, "అరె, ఈ గల్లీ ఇంత పెద్దగుండెనా?" అన్నారు. నవ్వలేక చచ్చాను. తర్వాత ఆవిడే ప్రతి దుకాణానికీ వెళ్లి, "ఎక్కడియి అక్కడ పెట్టున్రి నాయనా, అవి లేకుంటె ఫోటోల మీ గల్లీ అనిపిస్తలేదు" అని బతిమాలి అన్నీ బయట పెట్టించారు. మిర్చిబండి మాత్రం ఆ పూటకు తిరిగి రాలేదు.

ఆ కెమెరాతో పనిలో ఒక చిత్రమైన ఘట్టం ఉంది. అద్దంలో అంతా చూసి సరిచేసుకున్నాక, దాని చోట ఫిల్ము పెట్టాలి. ఫిల్ము పెట్టగానే అద్దం మూసుకుపోతుంది. ఇక కెమెరాలోంచి ఏమీ కనబడదు. ఫోటో తీసే క్షణంలో తీసేవాడు గుడ్డ తీసేసి, కెమెరా పక్కన నిలబడి, ఎదుటి మనిషిని మామూలు కళ్లతో చూడాల్సిందే. "ఊపిరి చూడు" అనేవారు మేడమ్. "ఊపిరి విడిచి, మళ్ల పీల్చే ముందు మనిషి జరంత సేపు ఆగుతడు. అప్పుడు నొక్కు." మనుషుల ఊపిరిని అంత దగ్గరగా నేనెప్పుడూ చూసి ఉండలేదు. మొదట్లో సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

అశోక్‌నగర్‌లో మా హాస్టల్ పక్క బిల్డింగు రెండో అంతస్తులో అండాలమ్మ మెస్సు ఉండేది. ఊళ్ల నుంచి వచ్చి పరీక్షలకు చదివే మాలాంటివాళ్లందరికీ అక్కడే అన్నం. పరీక్ష పోయిన రోజున అండాలమ్మ ఏమీ అడిగేది కాదు, పప్పులో ఇంకాస్త నెయ్యి వేసేది. ఆ అండాలమ్మకు దవడలో గడ్డ లేచింది. చెడ్డ గడ్డ. ఒక పక్క దవడ తీసేయాలి, మొహం మారిపోతుంది అన్నారు డాక్టర్లు. ఆమె కూతురు కవిత ఫోనుతో ఎన్నో ఫోటోలు తీసింది. అండాలమ్మ వాటిని చూసి, "ముక్కు గింత పెద్దగున్నదేందే నాకు?" అని ఫోను పక్కన పెట్టేసింది. నా చేయి పట్టుకుని, "బిడ్డా, కోసినంక నా మొహం నాకే యాదుండదేమో. ఆ పెద్ద డబ్బతోటి ఒక్క ఫోటో తీయిస్తవా మేడమ్‌తోని?" అని అడిగింది.

ఆపరేషన్ ముందు రోజు పొద్దున సంచీ నేను మోశాను, స్టాండు మేడమ్ ఈడ్చుకొచ్చారు. మెస్సు కిటికీ పక్కన కుర్చీ వేసి అండాలమ్మను కూర్చోబెట్టాం. కొత్త చీర కట్టుకుంది, తలనిండా పూలు పెట్టుకుంది. మేడమ్ నడుము పట్టుకుని గోడకానుకుని, "నువ్వే తియ్యి" అన్నారు. నేను గుడ్డలో దూరాను. సరిచేసిందే సరిచేస్తూ, తిప్పిన స్క్రూనే తిప్పుతూ అక్కడే ఉండిపోయాను. అద్దంలో తలకిందులుగా ఉన్న అండాలమ్మను ఎంతసేపైనా చూడగలను. బయటికొచ్చి ఎదురుగా చూడటం నా వల్ల కాదనిపించింది. చూస్తే బావురుమంటానని భయం. మేడమ్ వచ్చి గుడ్డ లాగేశారు. "చూడు. నువ్వే చూడకుంటె ఇగ ఎవరు చూస్తరు?" చూశాను. అండాలమ్మ నన్నే చూస్తోంది. ఊపిరి విడిచింది. నొక్కాను.

ఫోటో చాలా బాగా వచ్చింది, అదే మా కొంప ముంచింది. ఆసుపత్రి నుంచి వచ్చాక అండాలమ్మ దాన్ని పెద్దగా ఫ్రేము కట్టించి మెస్సు గోడకు పెట్టించింది. తను మాత్రం లోపలి గది దాటి రాలేదు. కర్టెన్ వెనక నుంచి ఒక్క చేయి బయటికొచ్చి కవితకు గిన్నెలందించేది. అన్నానికొచ్చిన పిల్లలు అమ్మా అని పిలిస్తే, కుట్లు పడ్డ నోటితో ముద్దముద్దగా, "గోడ మీదున్నది గదా, ఆమెను చూసుకోన్రి" అనేది. ఆ మాట విన్నాక పళ్లెం వదిలేసి లేచాను. పరుగున చిక్కడపల్లి వెళ్లి మేడమ్ దగ్గర ఏడ్చాను. మనం తీసిన ఫోటోనే ఆమెను లోపల పడేసింది అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం అన్నానికని మెస్సుకు వెళ్తే, మెట్ల మలుపులో మేడమ్ కూర్చుని ఉన్నారు. వీపు మీద సంచీ, పక్కన స్టాండు. జాకెట్టు చెమటకు తడిసి ముద్దయింది, మొహం తెల్లగా పాలిపోయింది. చిక్కడపల్లి నుంచి అంత బరువూ తనే మోసుకొచ్చారు! "పిచ్చి పట్టిందా మేడమ్? ఇటియ్యున్రి" అని పట్టీ లాగబోయాను.

"చెయ్యి తియ్యి" అన్నారు. అంత కటువుగా నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఒక చేత్తో స్టాండు ఈడుస్తూ, ఒక చేత్తో గోడ పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కారు. కిటికీ దగ్గర అదే చోట సంచీ దించి, స్టాండు వేసి, కడ్డీ, చట్రాలు, తిత్తి ఒక్కొక్కటే బిగించడం మొదలుపెట్టారు.

కర్టెన్ వెనక నుంచి అండాలమ్మ గొంతు వచ్చింది. "ఎందుకొచ్చిన్రు మేడమ్? ఇప్పుడు తీసేటందుకు ఏమున్నది?"

"అప్పుడెంత బరువు తెచ్చినమో ఇప్పుడు గంతే తెచ్చిన" అన్నారు మేడమ్. "ఒక్క స్క్రూ గూడ తక్కువ తేలే." అనబోయిన మరో మాట నోట్లోనే ఉండిపోయింది. నడుము పట్టేసి, స్టాండు పట్టుకుని వంగిపోయారు. నేనూ కవితా చెరో పక్కా పట్టుకున్నాం. "నీళ్లు" అన్నారు మేడమ్.

కర్టెన్ కదిలింది. అండాలమ్మ ఒక చేత్తో నీళ్ల చెంబు, ఒక చేత్తో విసనకర్ర పట్టుకుని పరుగున వచ్చింది. మొహం మీది కొంగు జారితే ఎప్పట్లా పళ్లతో పట్టుకోబోయింది. ఆ దవడకు ఇప్పుడు పట్టు లేదు. కొంగు జారిపోయింది. ఆమె ఆగలేదు. చెంబు మేడమ్ నోటికందించి, "గసొంటి నడుము పెట్టుకోని గింత బరువు మోస్తరా? జర బుద్ధుండాలె మనిషికి!" అని తిడుతూ విసురుతూనే ఉంది. అప్పటికే పిల్లలు పళ్లేల ముందు కూర్చున్నారు. చివర్న కూర్చున్న అబ్బాయి, "అమ్మా, నువ్వు పెడితేనే తింట" అన్నాడు.

ఆ రోజు అండాలమ్మ కుర్చీలో కూర్చుంది. నేను కెమెరా పక్కన నిలబడి చూశాను, ఈసారి ఎవరూ గుడ్డ లాగాల్సిన పని లేకపోయింది. మేడమ్ మాత్రం ఆ సాయంత్రం నుంచి మంచం దిగలేదు. చాలా రోజులు నడుము కదపలేకపోయారు. వండి పెట్టే దిక్కు లేని ఇల్లు. నేను చేసే వంట ఆవిడకు గొంతు దిగేది కాదు, ఆ మాట మొహమ్మీదే చెప్పారు కూడా.

అందుకని రోజూ మధ్యాహ్నం అండాలమ్మ అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లి దాకా నడిచి వచ్చేది. నడిరోడ్డు మీద, ఆ జనంలో, దుకాణాల ముందు నుంచి. రెండు చేతుల్లో అన్నం క్యారియర్లు. కొంగు బిగించి నడుముకు దోపుకుని వచ్చేది. మొదటి రోజు కొందరు తలతిప్పి చూశారు, ఒక పిల్ల వాళ్లమ్మ వెనక దాక్కుంది. అండాలమ్మ ఆ పిల్లను చూసి నవ్వి, అన్నం చల్లారిపోతుందని తొందరగా నడిచింది. నేను మేడమ్ ఇంటి కిటికీలోంచి ఇదంతా చూసి, "మేడమ్, గిట్ల అయితదని తెలిసే మోసిన్రా?" అని అడిగాను. "నాకేం తెల్వదు. పక్కకు జరుగు, అన్నమొస్తుంది" అన్నారు ఆవిడ, మెట్ల వైపే చూస్తూ.

నాకు సర్కారు నౌకరి రానేలేదు. మేడమ్ పోతూ పోతూ సంచీ నాకిచ్చిపోయారు, అదే నా బతుకుతెరువైంది. ఫోన్లున్న ఈ రోజుల్లో ఇంత బరువెందుకని అడిగేవాళ్లు రోజుకొకరు తగులుతారు. వాదించను. ఇవాళ కూడా ఫ్లైఓవర్ కింద సంచీ దించి, నా చున్నీ తీసి కడ్డీకి చుట్టాను. ఒక ముసలాయన తన మొహం ఫోటో తీయమని పిలిచాడు. ఆలస్యమైతే నేనిక రానేమోనని ఆయన బెంగపడతాడు.