సమాధుల దొడ్డిలో పాత్రచిత్రణ

ఆ రోజుల్లో ఇంగ్లీషు చదివితే మనిషి బాగుపడతాడని మా గుంటూరు జిల్లాలో గట్టి నమ్మకం. ఎలా బాగుపడతాడో మాత్రం ఎవరూ చెప్పేవారు కాదు. పొగాకు కంపెనీలో గుమాస్తా అవుతానని మా నాన్న, మిషను బడిలో పంతుల్ని అవుతానని మా అమ్మ, ఎందుకూ కొరగానని మా పెదనాన్న అనుకునేవాళ్లు. అదే ఇంగ్లీషు జీవితమంతా పిల్లలకు చెప్పి రిటైరై కూర్చున్నాక, ముగ్గురిలో పెదనాన్న అంచనాయే నయమనిపిస్తోంది. నేను చెప్పబోయేది ఆయన సంగతే. ఇది నవ్వుకోవలసిన కథో కాదో నాకిప్పటికీ తేలలేదు. ఇందులో ఒక శవం ఉంది. అయినా నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను.

గుంటూరు కాలేజీలో నాది స్పెషల్ ఇంగ్లీషు. ఆరేడు వందల ఏళ్ల నాటి ఇంగ్లీషు పద్యాలు మాకు పాఠం. అది ఇంగ్లీషేనని మాస్టారు చెప్పబట్టి నమ్మాం గానీ, అందులో మాకు తెలిసిన మాట ఒక్కటీ కనపడితే ఒట్టు. ఆ మాస్టార్ని మేం గుర్రాల మాస్టారు అనేవాళ్లం. పద్యంలోకి ఏ మనిషి వచ్చినా సరే, వాడు ఎక్కి వచ్చిన గుర్రం దగ్గరే ఆయన ఆగిపోయేవారు. "మనిషిని తర్వాత చూద్దామయ్యా, ముందు గుర్రాన్ని చూడండి. బక్కదా, బలిసిందా? జీను కొత్తదా, అతుకులదా? ఆనాటి కవులు మనిషి గుణం నేరుగా చెప్పరు. వాడి బట్టలు చెప్తారు, మొహం మీది మచ్చ చెప్తారు. పైగా ఎవర్నీ తిట్టరు, పొగుడుతారు. ఆ పొగడ్తలోనే వాడి బండారమంతా బయటపడుతుంది. అదీ పాత్రచిత్రణంటే!" అని బల్ల మీద ఒక్క చరుపు చరిచేవారు. ముందు బెంచీలో వాడు ఉలిక్కిపడి నిద్ర లేచేవాడు.

ఇక చూస్కోండి, నాకు పిచ్చి పట్టింది. హాస్టల్లో చెప్పుల్ని చూసి మనుషుల్ని అంచనా వేయడం, సెలవులకి ఊరెళ్తే ఎడ్లను చూసి ఆసామిని అంచనా వేయడం. నిగనిగలాడే ఒంగోలు గిత్తల జతను చూసి, "వీటిని ఇంతగా మేపాడంటే ఈయన ఇంట్లో పిల్లలకు పాలుండవు" అని ఒక పెద్దమనిషి వింటుండగానే అనేశాను. (నిజమే చెప్పాను. తన్నులు కూడా నిజంగానే తగలబోయాయి.)

సరిగ్గా ఆ పిచ్చిలో ఉండగానే పెదనాన్న పోయాడని కబురొచ్చింది. ఆయన చిలకలూరిపేటలో ప్రత్తి జిన్నింగు మిల్లులో పనిచేసేవాడు. ఏళ్ల తరబడి దూది దుమ్ము పీల్చీ పీల్చీ ఊపిరితిత్తులు పాడైపోయాయి. చివరి రోజుల్లో ఆయన దగ్గు వీధి మొదట్లోకే వినపడేది. నేను పేటలో బస్సు దిగి మా వాడకు వెళ్లేసరికి శవానికి స్నానం చేయిస్తున్నారు. ఆయన కనుబొమలు తెల్లగా నెరిశాయనే మేమంతా అనుకునేవాళ్లం. నీళ్లు పోస్తే దూది నుసి కొట్టుకుపోయి నల్లటి కనుబొమలు బయటపడ్డాయి. అంత చిన్నవాడని మాకెవరికీ తోచనేలేదు. చెంబు పట్టుకున్న మా నాన్న కాసేపు నీళ్లు పోయడం మానేసి అలాగే నిలబడ్డాడు.

మా క్రైస్తవ సంఘంలో ఒక ఆచారం ఉంది. శవపెట్టె గుంటలోకి దించబోయే ముందు చనిపోయినవాళ్ల జీవిత చరిత్ర చదువుతారు. పేరుకు జీవిత చరిత్ర గానీ, నాకు ఊహ తెలిసినప్పటినుంచి అందరికీ ఒక్కటే. 'భక్తిగల తల్లిదండ్రులకు జన్మించి, ప్రార్థనాపరుడై, శాంతస్వభావముతో, సంఘమునకు మాదిరికరముగా జీవించి, ప్రభువునందు నిద్రించెను.' పేరు మారుతుందంతే. మా సమాధుల దొడ్డిలో పడుకున్నవాళ్లంతా ఒకే మనిషని అనుకోవాలి. ఆ రోజూ సంఘపెద్ద ఆ కాగితమే జేబులో పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

మా పెద్దమ్మ నన్ను ఇంటి వెనక దొడ్లోకి పిలిచింది. ఏడవడం లేదు. మనిషి రాయిలా ఉంది. "ఒరేయ్ అబ్బాయ్, చదువుకున్నోడివి నువ్వు రాయరా మీ పెదనాన్నది," అంది.

"సంఘపెద్ద దగ్గర ఉందిగా పెద్దమ్మా."

"అది నాకొద్దు. ప్రార్థనాపరుడంట, మాదిరికరమంట! ఊరంతా తలలూపుద్ది. ఇయ్యాల ఆయన్ని దేవుడి లాంటోడని చదివితే, నేను పడిందంతా ఏమవుద్దిరా? అబద్ధమవుద్దిగా? రేపట్నించి నా మాట ఎవరు నమ్ముతారు? ఆయన ఆయన్లాగే పోవాల. మంచీ రాయి, చెడ్డా రాయి."

అయ్యా, ఇంతకాలం పాత్రచిత్రణ కోసం తపించిపోయిన నన్ను ఆ క్షణాన రెండు భయాలు పట్టుకున్నాయి. కాదంటే పెద్దమ్మ ఏమైపోతుందోనని ఒక భయం. రాస్తే పాస్టరుగారు కోపగించి ప్రార్థన చేయకుండా వెళ్లిపోతారేమోనని ఇంకో భయం. ప్రార్థన లేకుండా మట్టి వేయడమంటే మా వాళ్లకు కుక్కను పూడ్చినట్టే. అటు చూస్తే గొయ్యి, ఇటు చూస్తే నుయ్యి. కానీ గుర్రాల మాస్టారి శిష్యుణ్ని కదా, పెన్ను తీశాక చెయ్యి ఆగలేదు. రాసింది పెద్దమ్మకు చదివి వినిపించాను. చివరివరకూ విని, "పిల్ల సంగతి కూడా రాయి" అని ఒక్క ముక్క మాత్రం చేర్పించింది.

సమాధుల దొడ్డిలో పెద్దమ్మ నా పేరు పిలవగానే సంఘపెద్ద జేబులోకి పోబోయిన చెయ్యి ఆపుకున్నాడు. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. "మా పెదనాన్న సైకిలుకు బ్రేకులుండేవి కావు."

జనం మొహమొహాలు చూసుకున్నారు.

"ఆపాలంటే కాలు నేలకు రాయాలి. అందుకని ఆయన కుడికాలి చెప్పు ఎప్పుడూ ముందుగా అరిగిపోయేది. మిల్లు కూత వేయకముందే గేటు దగ్గరుండేవాడు. ప్రార్థన గుడి గంట మాత్రం ఆయనకు ఎన్నడూ వినపడలేదు. క్రైస్తవ కీర్తనలు పుస్తకం చూడకుండా పాడేవాడు, తాగినప్పుడు. తాగనప్పుడు ఒక్క చరణం కూడా గుర్తుండేది కాదు."

పెట్టె మోసుకొచ్చిన మిల్లు కూలీల్లో ఒకడు కిసుక్కున నవ్వాడు. పక్కవాడు మోచేత్తో పొడవబోయి తనూ నవ్వేశాడు. ఓరి నాయనో, ఇక చూడండి, పెట్టె చుట్టూ ఉన్న మగాళ్లంతా భుజాలు కదిలిపోయేలా నవ్వు ఆపుకుంటున్నారు. పాస్టరుగారు పుస్తకం మూసేశారు. "ఏందయ్యా ఇది? సమాధి కూడికా, బుర్రకథా? ఆపు!"

నేను ఆపాను. మా నాన్న నన్ను మింగేసేలా చూస్తున్నాడు.

"చదవనీండి అయ్యగారూ," అంది పెద్దమ్మ. గొంతు పెంచలేదు. "మీరు ఆయన్ని గుళ్లో చూళ్లేదుగా. ఇప్పుడు చూడండి."

నేను మళ్లీ అందుకున్నాను. "కోపమొస్తే చేతికి ఏది దొరికితే అది విసిరేవాడు. ఆయనది మంచి గురి. ఎంత మంచి గురో మా పెద్దమ్మ నుదుటి మీద ఉంది."

నవ్వు ఠక్కున ఆగిపోయింది. పెద్దమ్మ తలమీది ముసుగు వెనక్కి తీసింది. కనుబొమ పైనుంచి జుట్టులోకి పోయే ఆ మచ్చ, ఏళ్లుగా కొంగు చాటునే ఉన్నది, పట్టపగలు ఊరంతా చూసింది. ఆమె మాత్రం ఎవర్నీ చూడలేదు, పెట్టెనే చూస్తోంది.

పెద్దమ్మ చేర్పించిన ముక్క చదివాను. "జ్వరం వచ్చిన కూతుర్ని వీపుకు కట్టుకుని, ఆ సైకిలు మీదే ఆసుపత్రికి తొక్కాడు. పిల్ల దక్కలేదు. ఆ తర్వాత ఆయన ఆ దారిన మళ్లీ వెళ్లలేదు. చుట్టు తిరిగి మిల్లుకు పోయేవాడు."

అప్పుడేడ్చింది మా పెద్దమ్మ. గుంట అంచున కూలబడి, "అట్టాంటోడేనయ్యో, అట్టాంటోడే నా మొగుడు!" అని గుండెలు బాదుకుంటూ ఏడ్చింది. నవ్విన కూలీలే కండువాలతో కళ్లు ఒత్తుకున్నారు. పాస్టరుగారు పుస్తకం తెరిచి, ఎప్పుడూ చేసేదానికంటే నెమ్మదిగా ప్రార్థన చేశారు. (పోతూ పోతూ మా నాన్నతో, "వీడికి ఇంగ్లీషు మాన్పించి లెక్కలు చెప్పించు" అన్నారనుకోండి.)

కాలేజీకి వెళ్లి ఇదంతా గుర్రాల మాస్టారికి చెప్పాను. మెచ్చుకుంటారనుకున్నాను. ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "మన పాఠంలో కవి తెలివైనవాడయ్యా," అన్నారు చివరికి. "తను రాసిన మనుషుల పెళ్లాల ఎదుట నిలబడి చదవలేదు."

పెద్దమ్మ ఆ తర్వాత చాలాకాలం బతికింది. మిరప కల్లాల్లో తొడిమలు తీస్తూ, ఎవరైనా ఒక మాటంటే నాలుగు వీధులకు వినపడేలా నాలుగంటూ, ఎవరికీ తలవంచకుండా బతికింది. మంచం పట్టాక చూడ్డానికి వెళ్లాను. అప్పటికి నేనే పిల్లలకు పాత్రచిత్రణ పాఠం చెప్తున్నాను. మనసులో ఆవిడ చిత్రం ఎప్పుడో సిద్ధం చేసి పెట్టుకున్నాను. ఆ నోరు, ఆ మిరప ఘాటు, ఆ మచ్చ, అన్నీ.

నా మొహం చూసే కనిపెట్టినట్టుంది. "ఏరా, నాది కూడా రాసుకున్నావా?"

తల గోక్కున్నాను.

"వద్దు నాయనా. నాకు మాత్రం అందరికీ చదివేదే చదివించు. బతికుండగా నన్నెవరూ మంచిదనలేదు. ఆ అబద్ధాలేవో పోయాకన్నా నాకూ చెప్పించరా."

సమాధి దగ్గర నేనే చదివాను. 'భక్తిగల తల్లిదండ్రులకు జన్మించి, ప్రార్థనాపరురాలై, శాంతస్వభావముతో...' శాంతస్వభావం దగ్గర నాకు ఒక్కసారిగా నవ్వొచ్చింది. పెదాలు బిగబట్టాను, కాగితం మొహానికి అడ్డం పెట్టుకున్నాను, భుజాలు మాత్రం ఆగలేదు. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. కొత్త పాస్టరుగారు కుర్రవాడు, పాపం, నా భుజం మీద చెయ్యివేసి, "ఊరుకోండి మాస్టారూ, అంత శాంతమూర్తి మళ్లీ ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు.

"దొరకదండీ," అన్నాను, మిగతాది చదివాను.