చిలక వద్దన్న ఉద్యోగం

ఎనభైలలో మేము గాజువాకలో ఓ అద్దింట్లో ఉండేవాళ్ళం. మావారికి స్టీల్‌ప్లాంట్‌లో ఉద్యోగం వచ్చింది. తెల్లవారితే డ్యూటీలో చేరాలి. సరిగ్గా ముందురోజు సాయంత్రం నుంచి మా చిలక బుజ్జి వరస మారిపోయింది. రోజంతా "అత్తా, టీ!" అని వాగే పిల్ల, పంజరంలో ఓ మూలకి నక్కి కీచుకీచుమని ఒకటే అరుపులు. జామపండు పెట్టినా ముట్టలేదు.

మా అత్తగారికి చిలక జోస్యమంటే మహా గురి. పొద్దున్నే వెళ్ళి గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు.

"సిలక వద్దంతంది. నువ్వా ఉజ్జోగానికి ఎల్లొద్దురా!"

"బస్సెల్లిపోతాదమ్మా, లెగు!" అంటూ మావారు గోడమేకుకున్న, ప్లాంటువాళ్ళిచ్చిన పసుపుపచ్చ హెల్మెట్ తీసి నెత్తిన పెట్టుకున్నారు.

అంతే! బుజ్జి పంజరం ఊగిపోయేలా రెక్కలు కొట్టుకుంది. హెల్మెట్ తీస్తే ఊరుకుంది. పెడితే మళ్ళీ గోల. అప్పటికి వెలిగింది నాకు. నిన్న సాయంత్రం ఆ హెల్మెట్‌ని తెచ్చి పంజరానికి ఎదురుగా తగిలించింది నేనే!

సంగతి చెప్పగానే అత్తగారు, "ఓలమ్మా, టోపీకా ఇంత గొడవ!" అని పడీపడీ నవ్వారు. తన పాత చీరముక్కలో హెల్మెట్‌ని మూటకట్టి కొడుకు చేతికిచ్చారు.

"ఈది మలుపు తిరిగాక ఎట్టుకో. పిల్ల జడుసుకుంతాది."

నెల తిరక్కుండా ఆ పిల్ల హెల్మెట్ మీదెక్కి కూర్చుని టీ అడగడం మొదలెట్టింది. మావారు మాత్రం రిటైరయ్యేదాకా, హెల్మెట్‌ని వాళ్ళమ్మ చీరముక్కలో చుట్టుకునే గడప దాటారు.