జ్ఞానయ్య పాస్ చేసిన పట్టీ

మా శంషాబాద్ జ్ఞానయ్య ఏ కట్టెనైనా ఒంటికంటితో చూడనిదే నమ్మడు. ఉందానగర్ స్టేషన్ దగ్గర ముప్పైయేళ్ళు రైలు పట్టాల మీద పనిచేశాడు. పట్టా ఎక్కడైనా వంగిందేమోనని ఎడమ కన్ను మూసి చూసి చూసి, రిటైరయ్యాక చపాతీ కర్ర కొన్నా ఆ కన్ను తనంతట తానే మూతపడేది. తీర్పు ఒకటే: "వంకున్నది."

ఆదివారం చర్చిలో అందరూ రెండు కళ్ళూ మూసి ప్రార్థిస్తే, ఈయన ఒక్కటే మూసేవాడు. ముందు బెంచీ అంచు వెంట చూపు సాగించి, ఆమెన్ అనేలోగా దాని వంకలన్నీ తేల్చేసేవాడు. భార్య ప్రేమమ్మ మోచేత్తో పొడిచేది. దానివల్ల ఆయనకు భక్తి పెరగలేదు గానీ, నెల తిరిగేసరికి చర్చివాళ్ళు ఆ బెంచీనే మార్చేశారు.

1994లో నేను ఇల్లు కట్టాను. దర్వాజకూ గోడకూ మధ్య సందు కనబడకుండా కొట్టే టేకు పట్టీలు కొనడానికి ఆయన్ను టింబర్ డిపోకు తీసుకెళ్ళడం నా తప్పే. ఆయన్ను దూరం నుంచి చూడగానే డిపో సేటు భోజనానికి లేచాడు. అప్పటికి ఉదయం పది. జ్ఞానయ్య ఒక్కో పట్టీ తీసి వాసన చూశాడు, వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు, ముడి ఊడినచోట లప్పం నింపి రంగు పూశారేమోనని గోటితో గీకాడు, చివరికి కన్ను మూశాడు. సాయంత్రానికి డిపో అంతా తిరగేస్తే నాకు మూడు పట్టీలు దక్కాయి. సేటు రెండుసార్లు భోజనం చేశాడు.

వాటిని దర్వాజకు కొట్టింది మా వడ్రంగి, వడ్ల జంగయ్య. ఊళ్ళో సగం తలుపులు ఆయన చేతివే. గృహప్రవేశం రోజు వచ్చినవాళ్ళంతా గుమ్మం ముందే ఆగిపోయారు. కుడివైపు పట్టీ కిందికొచ్చేసరికి వేలెడు పక్కకు జరిగింది. పురోహితుడికి కూడా కనిపించింది, జంగయ్యకు తప్ప. అందరూ జ్ఞానయ్య వైపు తిరిగారు. ఆయన వంకున్నదంటే ఇక జంగయ్యను ఎవరూ పనికి పిలవరు. ఆ సంగతి జంగయ్యకూ తెలుసు. సుత్తిని చేతిలో అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు.

జ్ఞానయ్య వంగి, కన్ను మూసి, చాలాసేపు చూశాడు.

"పట్టీ సక్కగనే ఉన్నది. గోడనే వంకున్నది. రాఘవేందర్ నీళ్లు సరిగ కొట్టలే."

రాఘవేందర్‌ను నేనే. ఆ గోడను మూడుసార్లు చూసి పాస్ చేసింది ఆయనే. నీళ్ళు తక్కువైతే గోడ బీటలు వారుతుందని విన్నాను గానీ, వంగుతుందని ఎన్నడూ వినలేదు. చుట్టాలందరూ నన్ను జాలిగా చూశారు. నాకు ఒళ్ళు మండింది.

భోజనాల దగ్గర నిలదీశాను. ఆయన పప్పు కలుపుకుంటూ గొంతు తగ్గించాడు.

"జంగయ్య గీత గీస్తుంటే చూసిన. పెన్సిలు కట్టె మీద పెట్టబోయి వేలు మీద గీస్కున్నడు. కండ్లు మసకబారినయ్, చెప్పుకోలేక పరేషాన్ అయితుండు. గోడ వంకున్నదంటే నీకేం పోతది?"

పరువు పోతుందని అందామనుకున్నాను. పెరుగు వడ్డిస్తున్నారు, ఊరుకున్నాను. ఒంటికన్నుతో ఆయన అంత చూశాడే అని లోపల ముచ్చటేసిన మాట నిజం.

మర్నాడు జ్ఞానయ్య తన కళ్ళకే మసకొచ్చిందని, తోడు రమ్మని జంగయ్యను బస్సెక్కించి పట్నంలో కంటి దవాఖానకు తీసుకెళ్ళాడు. ఎట్లాగూ వచ్చాం కదా అని జంగయ్య కళ్ళూ చూపించాడు. జ్ఞానయ్య కళ్ళు భేషుగ్గా ఉన్నాయని డాక్టరు అంటే, సరిగ్గా చూడలేదని ఈయన పోట్లాడాడట. జంగయ్యకు అద్దాలు రాశారు.

వారం తర్వాత జంగయ్య అద్దాలు పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. పట్టీని చూశాడు, గోడను చూశాడు, మళ్ళీ పట్టీని చూశాడు. దాన్ని ఊడదీసి, కొత్తగా గీత గీసి, మళ్ళీ కొట్టాడు. కబురందుకుని జ్ఞానయ్య వచ్చాడు. వంగి, కన్ను మూశాడు.

"గోడ ఎట్లున్నది అన్నా?" అని అడిగాడు జంగయ్య.

"సక్కగైంది," అన్నాడు జ్ఞానయ్య. "రాఘవేందర్ వారమంత నీళ్లు కొట్టినట్టున్నడు."