సగం తీసేసే మనిషి

మొన్న శుక్రవారం పొద్దున్నే, కువైట్‌లో మేముండే ఫహాహీల్ సముద్రపు ఒడ్డుకి నడిస్తే, చలికాలపు సీగల్ పక్షులు అప్పటికే దిగి ఉన్నాయి. మా బిల్డింగులో పై అంతస్తులో ఉండే విజయవాడ డాక్టరమ్మ ఎదురొచ్చి, “అంకుల్, మీరు అంటార్కిటికాలో చూసిన పెంగ్విన్లు కూడా ఇన్నేసి ఉంటాయా?” అంది. “ఇన్నేమిటమ్మా, లక్ష! నేల కనిపిస్తే ఒట్టు” అన్నాను. “అమ్మో!” అని కళ్ళు పెద్దవి చేసి, నమ్మేసి వెళ్ళిపోయింది. ఆ నమ్మడమే నాకు గుచ్చుకుంది. నేల కనిపించింది. నిజానికి నేలే ఎక్కువ కనిపించింది, దానిమీద వాటి రెట్ట కూడా.

నా మాట నమ్మని మనిషి ఒకాయన ఉండేవాడు. మా తోడల్లుడు. కోనసీమ మనిషి, కువైట్ సిటీలో ఒక ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. చలికాలంలో ప్రతి శుక్రవారం బస్సెక్కి వచ్చేవాడు. ఫ్లాస్కులో టీ పోసుకుని ఇద్దరం పక్షుల్ని చూడటానికి ఒడ్డుకి పోయేవాళ్ళం. నేను “వెయ్యి ఉంటాయండీ” అనేవాణ్ణి. ఆయన టీ ఊదుకుంటూ, తలెత్తకుండానే, “సగం తీసెయ్యండన్నయ్యగారూ” అనేవాడు. విందుల్లోనూ అంతే. నా కథ మంచి పట్టులో ఉండగా వెనక పులిహోర దగ్గర్నుంచి “ఆయ్, సగమేనండి” అని వినపడేది. జనం నవ్వేవారు, నేను కోపం నటించేవాణ్ణి. అసలు సంగతేమిటంటే, ఆయన ఉన్నాడన్న ధైర్యంతోనే నేను రెట్టింపు చెప్పేవాణ్ణి. ఆయన సగం తీశాక సరిగ్గా నిజం మిగిలేది.

ఏసీ చెడిపోయిన ఒక మండు వేసవి మధ్యాహ్నం, మా ఇంట్లో టీవీలో పెంగ్విన్లని చూస్తూ, “బతుకంతా ఈ పొయ్యిలోనే గడిచిపోయిందండి. పోయేలోగా ఓసారి మంచులో పక్షిని చూడాలండి, ఇద్దరం వెళ్దాం” అన్నాడు. “యల్లా, పదండి” అన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా అన్నామో అంత తేలిగ్గానే వాయిదా వేస్తూ వచ్చాం. ఇంకో వేసవిలో ఆయనే వెళ్ళిపోయాడు, ఆఫీసు కుర్చీలో కూర్చుని, ఎవరికీ శ్రమ ఇవ్వకుండా. “ఏసీకే నాకు రెండు దుప్పట్లు కావాలి. మీరే వెళ్ళిరండి, ఆయన కోసమైనా” అని మా ఆవిడ నన్ను అంటార్కిటికా ఓడ ఎక్కించింది.

ఓడలో గది ఇద్దరిది. రెండో మంచం మీద నా ఉన్నికోటు పడుకునేది. రబ్బరు పడవల్లో మమ్మల్ని ఒడ్డుకి దించేవారు. పక్షికి దూరంగా ఉండాలి, అదే దగ్గరికొస్తే కదలకూడదు అని గైడు పిల్ల ముందే చెప్పింది. ఒక పెంగ్విన్ సరాసరి నా మీదికే వచ్చింది. నా నడుమంత ఎత్తు. కాదులెండి, మోకాలంత. పెళ్ళిలో భోజనాలెప్పుడని అడగడానికి మొహమాటపడే పెద్దమనిషిలా, తల ఓ పక్కకి వంచి నిలబడింది. “రండి, రండి” అనేశాను. ఆయనెప్పుడూ నిలబడే ఎడమ పక్కకి తిరిగి “చూశారా?” అన్నాను. ఎడమ పక్కన మంచే ఉంది.

ఆ సాయంత్రం ఓడ హాల్లో ఎవరేం చూశారో మైకులో చెప్పమన్నారు. మా ఓడంత తిమింగలం నా పడవ కిందనుంచి పోయిందనీ, పోతూ నా కళ్ళలోకి చూసిందనీ ఇంగ్లీషులో చెప్పాను. అందరూ నమ్మేశారు. నేను ఆగాను. వెనకనుంచి ఏ గొంతూ రాలేదు. ఇంకాస్త ఆగి, చివరికి నేనే మైకులో “సగం తీసెయ్యండి” అన్నాను, తెలుగులో. మా వైపు దీవెన ఏదో అనుకున్నారు కాబోలు, లేచి మరీ చప్పట్లు కొట్టారు. లేవలేదులెండి. కూర్చునే కొట్టారు.

అప్పట్నుంచీ ఆ పని నేనే చేసుకుంటున్నాను, మీరిప్పుడు చూస్తున్నట్టే. కానీ మన కోత మనమే కోసుకుంటే ఎవరూ నవ్వరు. నిన్న లిఫ్టు దగ్గర డాక్టరమ్మని ఆపి, “సగం తీసెయ్యమ్మా” అన్నాను. “దేంట్లో అంకుల్, బీపీ మాత్రలోనా? నన్నడక్కుండా తగ్గించకండి” అంది. ఇంకేం చెప్పను!

ఆయనా నేనూ ఆ ఒడ్డున ఇరవై చలికాలాలు చూశామని అందరికీ చెబుతుంటాను. చూసింది పదే. మిగతా సగాన్ని కాలం తీసేసింది.